రూమ్ చూడకుండా డబ్బులు పంపొద్దు: లండన్ వచ్చే పిల్లల ప్రశ్నలు

సెప్టెంబర్ ఇన్‌టేక్ దగ్గర పడేకొద్దీ నాకొచ్చే ఉత్తరాలన్నీ ఒకటే గోల, అక్కా రూమ్ ఎలా, అక్కా డిపాజిట్ ఎంత, అక్కా అతన్ని నమ్మొచ్చా. అందుకే ఈసారి వీసా ప్రశ్నలు, జాబ్ ప్రశ్నలు పక్కన పెట్టేసి మొత్తం ఇంటి సంగతే మాట్లాడుకుందాం. రాసినవాళ్ళ పేర్లు వెయ్యట్లేదు, ఊరు మాత్రం వేస్తున్నా.

ప్రశ్న (ఏలూరు నుంచి): అక్కా, నాకు లండన్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, వీసా కూడా వచ్చేసింది. వాట్సాప్ గ్రూపులో ఒకతను ఈస్ట్ హామ్‌లో సింగిల్ రూమ్ ఉంది, నెలకి 550 పౌండ్లు, బిల్స్ అన్నీ అందులోనే అని ఫొటోలు పెట్టాడు. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడాడు, వాళ్ళది కూడా మా జిల్లానేనట. ఇవాళ రాత్రికల్లా రెండు నెలల డబ్బులు పంపితే రూమ్ ఆపుతా, లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తా అంటున్నాడు. అకౌంట్ ఇండియాదే ఇచ్చాడు, ఫోన్‌పే చేసినా పర్లేదంట. నాన్న పంపేద్దాంలే అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: పంపొద్దు తమ్ముడూ. నాన్నగారికి ఇది చదివి వినిపించు. ఆ రూమ్ నిజంగా ఉండొచ్చు, అతను మంచివాడే అయ్యుండొచ్చు, కానీ "ఇవాళ రాత్రికల్లా" అన్న మాట దగ్గరే నాకు గుండె ఝల్లుమంది. ఇల్లేమో లండన్‌లో, డబ్బులేమో ఇండియా అకౌంట్‌కి, లండన్‌లో ఇల్లు అద్దెకిచ్చే మనిషికి ఇక్కడ ఒక బ్యాంక్ అకౌంట్ లేకుండా ఎలా ఉంటుంది చెప్పు.

నా సంగతి చెప్తా. 2009లో తెనాలి నుంచి వచ్చినప్పుడు మేనర్ పార్క్‌లో ఒక ఇంట్లో చేరాను, మనవాళ్ళే కదా అని 400 పౌండ్లు చేతిలో పెట్టాను, రసీదు అడగటానికి మొహమాటమేసింది. ఆ ఇంటి కాగితాల్లో ఎక్కడా నా పేరు లేదు. బ్యాంకులో అడ్రస్ ప్రూఫ్ అడిగితే చూపించటానికి నా దగ్గర ఏమీ లేదు, మూడో నెలలో అసలు ఓనర్ వచ్చి మీరెవరు అన్నాడు, వారం తిరక్కుండా బయటికొచ్చేశాం, ఆ 400 ఇప్పటికీ రాలేదు. డిసెంబర్ చలిలో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్ళి ఒక ఫ్రెండ్ రూమ్‌లో నేల మీద పడుకున్నాను చాలా రోజులు. నాకు ఇప్పటికీ బాధేసేది ఏంటంటే, అద్దెకుండేవాళ్ళ డిపాజిట్‌ని కాపాడే చట్టం ఇక్కడ 2007 నుంచే ఉంది, నాకు చెప్పినవాళ్ళే లేరు. అందుకే ఎవరు అడిగినా ముందు ఒకటే చెప్తాను, రూమ్ చిన్నదైనా పర్లేదు, రోడ్డు మీదికి ఉన్నా పర్లేదు, కాగితం మీద నీ పేరు ఉండాలి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ముందు రెండు వారాలకి టెంపరరీగా ఏదో ఒకటి చూసుకో, యూనివర్సిటీ అకామడేషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టి షార్ట్ స్టే ఉందా అని అడుగు, లేకపోతే బ్యాక్‌ప్యాకర్ హాస్టల్, లేదంటే నిజంగా తెలిసిన వాళ్ళ ఇల్లు. ఆ రెండు వారాలకయ్యే ఖర్చు దండగ అనుకోకు, అది పెద్ద డబ్బు పోకుండా కట్టుకునే ఇన్సూరెన్స్ అనుకో. వచ్చాక నీ కళ్ళతో చూసి తీసుకో. ముందే తీసుకోక తప్పదంటే, నీ క్లాస్‌మేట్ అవబోయేవాళ్ళెవరైనా అక్కడ ఉంటే వాళ్ళని ఇంటికి పంపు, అదీ కుదరకపోతే లైవ్ వీడియో కాల్ చెయ్యి, ముందే తీసిపెట్టిన వీడియో ఒప్పుకోవద్దు. కాల్‌లో ఉండగానే బయటికొచ్చి వీధి పేరున్న బోర్డు చూపించమను, తలుపు మీద నెంబర్ చూపించమను, లోపలికెళ్ళి వంటింటి కుళాయి తిప్పమను. ఊరికే ఫొటోలు ఎక్కడినుంచో తెచ్చి పెట్టినవాడు ఇవి చెయ్యలేడు.

మన దగ్గర స్థలం కొనేముందు ఈసీ తీయిస్తాం కదా, ఇక్కడ కూడా అలాంటిదే ఒకటుంది. ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కడితే ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో కాగితం వచ్చేస్తుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది, ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు, నీకు ఇక్కడ ఉండటానికి హక్కు ఉందో లేదో చూడాలి, దాన్నే రైట్ టు రెంట్ చెక్ అంటారు, నీ ఈ-వీసా అకౌంట్ నుంచి షేర్ కోడ్ తీసి పుట్టిన తేదీతో పాటు ఇస్తే వాళ్ళు గవర్నమెంట్ సైట్‌లో చూసుకుంటారు. డబ్బుల గురించి పదిసార్లు అడిగి షేర్ కోడ్ గురించి ఒక్కసారి కూడా అడగలేదంటే అనుమానించు.

డబ్బుల లెక్క కూడా చట్టంలో ఉంది. 2019లో వచ్చిన టెనంట్ ఫీజ్ చట్టం ప్రకారం రూమ్ ఆపటానికి ఇచ్చే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దెకి మించకూడదు, అసలు డిపాజిట్ 5 వారాల అద్దెకి మించకూడదు, ఏడాదికి 50,000 పౌండ్ల లోపు అద్దె ఉన్న ఇళ్ళన్నిటికీ ఇదే. నెలకి 780 అద్దె అనుకో, పన్నెండుతో హెచ్చవేసి 52తో భాగిస్తే వారానికి 180 వస్తుంది, అంటే రూమ్ ఆపటానికి 180, డిపాజిట్ 900 వరకూ, అంతే. అడ్మిన్ ఫీజు, అగ్రిమెంట్ ఫీజు, రిఫరెన్స్ ఫీజు అని అడిగితే ఇవ్వక్కర్లేదు, అవన్నీ నిషేధం. ఇంకో మంచి సంగతి, ఇదివరకు మనలాంటి బయటి దేశాల స్టూడెంట్స్‌ని ఇక్కడ గ్యారంటర్, అంటే మనం అద్దె కట్టకపోతే కడతానని పూచీ ఇచ్చే మనిషి, లేడు కదా అని ఆరు నెలలదీ ఏడాదిదీ అద్దె ఒకేసారి కట్టమనేవాళ్ళు, ఎంతమంది నాన్నలు పొలం తాకట్టు పెట్టి కట్టారో నాకు తెలుసు. 2026 మే 1 నుంచి కొత్త రెంటర్స్ రైట్స్ చట్టం వచ్చాక ప్రైవేట్ ఇళ్ళలో ఒక నెల కంటే ఎక్కువ అద్దె ముందుగా అడగటానికి లేదు, అది కూడా అగ్రిమెంట్ మీద సంతకాలు అయ్యాకే. ప్రకటనలో వేసిన అద్దె కంటే ఎక్కువ ఎవరిస్తే వాళ్ళకి అని వేలం పెట్టటానికీ లేదు. గ్యారంటర్ మాత్రం ఇప్పటికీ అడగొచ్చు, ఇక్కడ చుట్టాలెవరూ లేకపోతే ఫీజు తీసుకొని గ్యారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి, కొన్ని యూనివర్సిటీలు కూడా ఆ సాయం చేస్తాయి, అడుగు.

అన్నట్టు, ఈస్ట్ హామ్ ఎందుకు అనుకున్నావు? నీ క్లాసులు ఏ క్యాంపస్‌లోనో ఉత్తరంలో రాయలేదు. మనవాళ్ళు చాలామంది ఈస్ట్ హామ్, ఇల్ఫోర్డ్ అని పేర్లు విని ముందే ఫిక్స్ అయిపోతారు. ఈస్ట్ హామ్ బాగానే ఉంటుంది, హై స్ట్రీట్ నార్త్ మీద నడుస్తుంటే దోశల వాసన, గుడి గంటలు, సోనా మసూరి బస్తాలు, పక్కనే అప్టన్ పార్క్‌లో గ్రీన్ స్ట్రీట్ నిండా మన దేశం కొట్లే. క్వీన్ మేరీ యూనివర్సిటీలో చదివేవాళ్ళకి అక్కడినుంచి డిస్ట్రిక్ట్ లైన్ ట్రైన్‌లో, క్యాంపస్ ఉన్న మైల్ ఎండ్ పావుగంట. కానీ నీ సీటు బ్రూనెల్ యూనివర్సిటీలో అయితే అది అక్స్‌బ్రిడ్జ్‌లో, ఊరికి ఆ చివర, ఈస్ట్ హామ్ నుంచి పోను గంటన్నర రాను గంటన్నర, అప్పుడు హౌన్‌స్లో, సౌతాల్ వైపు చూసుకోవాలి, హౌన్‌స్లోలో హీత్రూ విమానాలు నెత్తి మీదే వెళ్తుంటాయి, నిద్ర పల్చన ఉన్నవాళ్ళు అది కూడా చూసుకోండి. కొన్ని యూనివర్సిటీలకి ఒకే పేరు మీద ఊళ్ళో మూడు నాలుగు చోట్ల క్యాంపస్‌లుంటాయి, ఆఫర్ లెటర్ తీసి అడ్రస్ చదువు. ముందు క్యాంపస్, తర్వాత ట్రైన్ లైన్, ఆ తర్వాతే ఏరియా.

అతనికి మర్యాదగానే చెప్పు, "అన్నా నేను వచ్చాక చూసి తీసుకుంటా, అగ్రిమెంట్ నా పేరు మీద రాస్తారా" అని. నిజమైనవాడైతే మాట్లాడతాడు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక తండ్రి): మేడమ్, మా బిడ్డ లండన్‌ల పీజీ చదువనీకి పోతున్నది. స్టూడెంట్ హాస్టల్ అయితే మస్తు రేటున్నది, మనోళ్ళతోని షేరింగ్ అయితే సగమే అయితదంటున్నరు. ఇంకో తెలిసినాయన మా ఇంట్ల ఒక రూమున్నది, పేయింగ్ గెస్ట్ లెక్క ఉండొచ్చు అంటున్నడు. ఆడపిల్ల ఒక్కతే ఉంటది, మాకు నిద్ర వడ్తలేదు. ఎక్కడ ఉంచితే మంచిది?

జవాబు: అన్నగారూ, మీ భయం నాకు అర్థమైంది, మా నాన్న కూడా అలాగే నిద్రపోలేదంట, నాకు చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. మొదటి ఏడాదికి మీ చేతిలో డబ్బు ఉంటే యూనివర్సిటీ హాల్‌కే, అంటే యూనివర్సిటీవాళ్ళ సొంత హాస్టల్‌కే నా ఓటు. రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు, కరెంటు, నీళ్ళు, వైఫై అన్నీ అద్దెలోనే, ఆడపిల్లలకి విడిగా ఫ్లాట్ కావాలని చాలాచోట్ల అడగొచ్చు. ప్రైవేట్ స్టూడెంట్ హాస్టళ్ళు కూడా అలాగే ఉంటాయి కానీ అక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కాంట్రాక్ట్ 44 వారాలో 51 వారాలో రాస్తారు, మధ్యలో నచ్చక వెళ్ళిపోతే కూడా మిగతా డబ్బు కట్టాల్సిందే, ఆ రూమ్‌లోకి ఇంకో స్టూడెంట్ దొరికితే తప్ప. పైన ఏలూరు తమ్ముడికి చెప్పిన ఒక నెల అడ్వాన్స్ రూల్ కూడా, ప్రభుత్వం ఒప్పుకున్న హాస్టళ్ళ నియమావళిలో (కోడ్) చేరిన పెద్ద హాస్టళ్ళకి వర్తించదు. అదే మామూలు ప్రైవేట్ ఇంట్లో అయితే ఇప్పుడు రెండు నెలల నోటీస్ ఇచ్చి ఎప్పుడైనా ఖాళీ చెయ్యొచ్చు. సంతకం పెట్టేముందు వీసా రాకపోతే డబ్బు తిరిగిస్తారా, సీటు మారితే ఏంటి అన్నవి కాంట్రాక్ట్‌లో వెతకండి, చాలా హాస్టళ్ళు వీసా రాకపోతే తిరిగిస్తాయి కానీ దానికి గడువు తేదీ ఉంటుంది.

ఆ తెలిసినాయన ఇంటి విషయం. ఆయన కుటుంబం మంచిదై, మీరు నిజంగా ఎరిగినవాళ్ళై ఉంటే మొదటి రెండు మూడు నెలలకి అంతకంటే ధైర్యం ఇంకోటి లేదు. కానీ ఓనర్ ఉండే ఇంట్లోనే ఒక గదిలో ఉంటే ఇక్కడ లాడ్జర్ అంటారు, లాడ్జర్‌కి చట్టం ఇచ్చే రక్షణ చాలా తక్కువ, డిపాజిట్‌ని ప్రభుత్వం ఒప్పుకున్న స్కీమ్‌లో భద్రంగా పెట్టాలన్న రూల్ వాళ్ళకి లేదు, వెళ్ళమంటే కోర్టు దాకా వెళ్ళకుండానే వెళ్ళమనొచ్చు. అందుకని తెలిసినవాళ్ళయినా ఒక కాగితం మీద అద్దె ఎంత, నోటీస్ ఎన్ని రోజులు, వంట చేసుకోవచ్చా అని రాసుకోండి, ఇది అవమానం కాదు, రెండు కుటుంబాల మధ్య మాట పోకుండా ఉండటానికి.

డబ్బుల గురించి ఒక మాట చెప్తా, నొచ్చుకోవద్దు. వీసాకి లండన్‌లో చదవబోయేవాళ్ళు నెలకి 1,529 పౌండ్ల చొప్పున 9 నెలలది, అంటే 13,761 పౌండ్లు, 28 రోజులు బ్యాంకులో చూపించాలి. మనవాళ్ళలో చాలామంది ఆ డబ్బు ఎవరి దగ్గరో తెచ్చి చూపించి వీసా రాగానే తిరిగి ఇచ్చేస్తారు, పిల్లలు ఇక్కడికొచ్చాక పార్ట్‌టైమ్ చేసి నెట్టుకొస్తారులే అని. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యాలి. 21 దాటినవాళ్ళకి కనీస జీతం గంటకి 12.71 పౌండ్లు, 20 గంటలకి 254, అందులో అద్దెకే 180 పోతే మిగిలేది 74, దాంట్లో తిండి, ట్రైను, ఫోను. అదీ పని దొరికితే. దొరకటానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. కనీసం ఆరు నెలల అద్దె మీ దగ్గరే ఉంటేనే బిడ్డని పంపండి, ఆ 20 గంటలు దాటి క్యాష్‌కి పని చెయ్యమని ఎవరన్నా అంటే వద్దని గట్టిగా చెప్పండి, వీసా పోతుంది.

రాత్రిళ్ళ గురించి భయపడుతున్నారు కదా, ఇల్లు చూసేటప్పుడు పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి స్టేషన్ నుంచి ఇంటిదాకా నడిచి చూడమనండి. రాత్రంతా తిరిగే బస్సులు ఊరంతా ఉన్నాయి, కాబట్టి మెయిన్ రోడ్డుకి, బస్‌స్టాప్‌కి దగ్గరగా ఉన్న ఇల్లు నాలుగు పౌండ్లు ఎక్కువైనా తీసుకోమనండి.

ప్రశ్న (ఇల్ఫోర్డ్ నుంచి): అక్కా మేం ఏడుగురం ఒక ఇంట్లో ఉంటున్నాం, రూమ్‌కి ఇద్దరు, హాల్‌ని కూడా కర్టెన్ కట్టి రూమ్ చేశారు. అగ్రిమెంట్ లేదు, మా సీనియర్ ఒకతను మొత్తం ఇల్లు తీసుకొని మా దగ్గర నెలనెలా క్యాష్ తీసుకుంటాడు. నేను ఖాళీ చేస్తానంటే నా 500 డిపాజిట్ ఇవ్వనంటున్నాడు, ఇంకో మనిషిని తెచ్చిపెడితేనే ఇస్తాడంట. దానికితోడు కౌన్సిల్ ట్యాక్స్ అని లెటర్ వచ్చింది. కంప్లైంట్ చేస్తే వీసాకి ఏమన్నా అవుతుందేమో అని అందరూ భయపడుతున్నారు.

జవాబు: ముందు ఆ భయం తీసెయ్యండి. ఇల్లు బాలేదని, డిపాజిట్ ఇవ్వట్లేదని ఫిర్యాదు చేస్తే వీసా పోవటం అనేది లేదు. ఆ భయం మీదే ఇలాంటి ఇళ్ళన్నీ నడుస్తున్నాయి.

ఒక ఇంట్లో వేరువేరు కుటుంబాలవాళ్ళు ఐదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటూ వంటిల్లు బాత్రూమ్ పంచుకుంటుంటే దాన్ని పెద్ద హెచ్ఎమ్‌ఓ అంటారు, అంటే చాలామంది పంచుకునే అద్దె ఇల్లు, దానికి కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) లైసెన్స్ ఉండి తీరాలి. 2018 అక్టోబర్ నుంచి ఆ లైసెన్స్ ఇళ్ళలో పడుకునే గది సైజు కూడా రూల్‌లో ఉంది, ఒకరికి 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికి 10.22, మన లెక్కలో ఒకరికి ఇంచుమించు 8 గజాలు, ఇద్దరికి 12 గజాలు. టేపు పెట్టి కొలవండి. మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న ఇళ్ళ రిజిస్టర్ ఉంటుంది, మీ అడ్రస్ ఉందేమో చూడండి. మీ పక్క బరో, అంటే పక్క కౌన్సిల్ ప్రాంతం, న్యూహామ్ అయితే 2013లోనే బరో మొత్తానికి ప్రైవేట్ అద్దె ఇళ్ళకి లైసెన్స్ పెట్టింది, ఇంగ్లండ్‌లో అదే మొదటిది, ఎందుకు పెట్టిందో మీ హాల్‌లో కర్టెన్ చూస్తే తెలుస్తుంది. లైసెన్స్ లేకుండా నడపటం నేరం, ట్రిబ్యునల్‌కి వెళ్ళి కట్టిన అద్దె వెనక్కి అడిగే దారి కూడా ఉంది.

డిపాజిట్ దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది, అది ముందు తేల్చుకో. ఆ సీనియర్ మీతోపాటు అదే ఇంట్లో ఉంటున్నాడా? ఉండకపోతే, అతను కూడా అద్దెకు తీసుకున్నవాడే అయినా చట్టం దృష్టిలో మీకు ఓనర్ లెక్కే, కాగితం లేకపోయినా అద్దె తీసుకుంటే అగ్రిమెంట్ ఉన్నట్టే. అప్పుడు నీ 500 తీసుకున్న 30 రోజుల్లో మూడు స్కీముల్లో ఒకదాంట్లో పెట్టి ఉండాలి, డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనన్సీ డిపాజిట్ స్కీమ్. మూడు సైట్లలోనూ వెతుక్కోవచ్చు. పెట్టకపోతే కోర్టులో డిపాజిట్ తిరిగి ఇప్పించటమే కాదు, దానికి ఒకటి నుంచి మూడు రెట్లు దాకా పరిహారం కూడా ఇప్పించొచ్చు. ఈ ఒక్క మాట మెసేజ్ పెడితేనే చాలామంది డబ్బు తీసి ఇచ్చేస్తారు. అతను కూడా అదే ఇంట్లో ఉంటుంటే నువ్వు లాడ్జర్ లాంటివాడివి, స్కీమ్ రూల్ వర్తించదు, కానీ స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల కోర్టు కేసుగా వేసి అడగొచ్చు. ఏదైనా సరే ఈ రోజు నుంచి క్యాష్ ఇవ్వటం ఆపెయ్, బ్యాంక్ నుంచి పంపి అందులో "అద్దె" అని రాయి, పాత వాట్సాప్ మెసేజ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకో, ఇల్లు ఎలా ఉందో వీడియో తీసుకో.

కౌన్సిల్ ట్యాక్స్, అంటే మన ఇంటి పన్ను లాంటిది, ఆ సంగతి తేలికే. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్స్ అయితే కట్టక్కర్లేదు, కానీ దానంతట అది పోదు, అందరూ యూనివర్సిటీ నుంచి స్టూడెంట్ సర్టిఫికెట్ తీసి కౌన్సిల్‌కి పంపాలి. లెటర్‌ని చూసి పక్కన పడేస్తే కోర్టు సమన్లు వస్తాయి. మీ ఏడుగురిలో ఎవరికైనా కోర్సు అయిపోయి ఉంటే ఆ రోజు నుంచి మినహాయింపు పోయినట్టే, స్టూడెంట్ కానివాళ్ళు ఒక్కరే ఉంటే బిల్లులో 25 శాతం తగ్గిస్తారు. చాలా ఇళ్ళల్లో గొడవలు ఇక్కడే వస్తాయి, ముందే కూర్చొని మాట్లాడుకోండి.

ఒక్కడివే మొయ్యకు. యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో అడ్వైజ్ సెంటర్ ఉంటుంది, సిటిజన్స్ అడ్వైజ్, షెల్టర్ అనే సంస్థలున్నాయి, అన్నీ ఉచితం, కౌన్సిల్‌లో ప్రైవేట్ హౌసింగ్ టీమ్ ఉంటుంది. ఆ సీనియర్ కూడా ఒకప్పుడు ఇలాంటి ఇంట్లోనే డిపాజిట్ పోగొట్టుకొని ఉంటాడు, నాకు తెలిసిన రెండు మూడు ఇళ్ళల్లో అదే జరిగింది. కానీ అందుకని నీ 500 వదులుకోవాల్సిన పని లేదు. కొత్త ఇంట్లో చేరాక యూనివర్సిటీలోనూ, ఈ-వీసా అకౌంట్‌లోనూ అడ్రస్ మార్చటం మర్చిపోవద్దు.

ప్రశ్న (రాజమండ్రి నుంచి ఒక అమ్మ): అమ్మా, మా అబ్బాయికి నెయ్యి, చికెన్ పచ్చడి, కుక్కర్, దుప్పట్లు అన్నీ సర్దుతున్నా, 46 కేజీలు సరిపోవట్లేదు. ఏవి తియ్యను?

జవాబు: నెయ్యి, చికెన్ పచ్చడి రెండూ తీసెయ్యండి వదినగారూ, మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురావటానికి ఇక్కడ ఒప్పుకోరు, పాలకోవా కూడా అంతే, విమానాశ్రయంలో పట్టుకుంటే పారేస్తారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి పెట్టండి. దుప్పట్లు ఇక్కడ చవగ్గా దొరుకుతాయి, బరువు దండగ. కుక్కర్ పెట్టండి కానీ ఇండక్షన్ మీద పనిచేసే స్టీలుది, చాలా హాస్టళ్ళల్లో గ్యాస్ ఉండదు, అల్యూమినియం కుక్కర్ తెచ్చుకొని అన్నం ఉడక్క ఏడ్చిన పిల్లలున్నారు. గాస్కెట్ ఒకటి ఎక్స్‌ట్రా. మన ప్లగ్గు పిన్నులు గుండ్రం, ఇక్కడివి పలకలు, అడాప్టర్లు రెండు. బియ్యం, పప్పులు అస్సలు వద్దు, అన్నీ దొరుకుతాయి. ఖాళీ అయిన చోట ఒక మంచి స్వెట్టరు, రోజూ వేసుకునే మందులు ఉంటే డాక్టర్ చీటీతో పెట్టండి.

ప్రశ్న (సత్తెనపల్లి అమ్మాయి, ఇప్పుడు లండన్‌లో): అక్కా, మీరు చెప్పినట్టే అన్నీ కాగితం మీద రాయించుకొని స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర రూమ్ తీసుకున్నా. ఇంట్లో నైజీరియా అమ్మాయి, చైనా అమ్మాయి, ఇటలీ అమ్మాయి, నేను. ఒక్క తెలుగు మనిషి లేరు. పోపు వేస్తే ఫైర్ అలారం మోగింది, అందరూ బయటికి పరిగెత్తారు, అప్పటినుంచి వంట చెయ్యాలంటే సిగ్గుగా ఉంది, బ్రెడ్డు తిని పడుకుంటున్నా. చలికాలం వస్తే నాలుగింటికే చీకటి పడుతుందంట. అమ్మకి ఫోన్ చేస్తే ఏడుపొస్తుందని చెయ్యట్లేదు. ఈస్ట్ హామ్ వెళ్ళిపోనా?

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను చెల్లీ. ముందు అమ్మకి ఫోన్ చెయ్యి, ఏడుపొస్తే ఏడువు, ఏమీ కాదు. ఫోన్ చెయ్యకపోతే ఆవిడ అంతకంటే ఎక్కువ ఏడుస్తుంది.

పోపు దగ్గరికొద్దాం. అలారం మోగటం మన ఇళ్ళల్లో ప్రతివాళ్ళకీ జరిగిందే. వంటింటి తలుపు మూసి, చిమ్నీ ఫ్యాన్ పెద్దదాంట్లో పెట్టి, కిటికీ తెరిచి, నూనె పొగ రాకముందే ఆవాలు వెయ్యి, ఎండుమిర్చి ఆఖర్న. అలారం మీద కవర్ కట్టటం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, అది ప్రాణాల మీదికొస్తుంది. ఆ ముగ్గురికీ ఒక ఆదివారం చెప్పు, ఆ రోజు అలా అయింది సారీ, ఇవాళ మా ఇంటి వంట తినండి అని. నిమ్మకాయ పులిహోర చెయ్యి, కారం తక్కువ. నైజీరియావాళ్ళ జోలోఫ్ రైస్ నువ్వు తిన్నావా, మన టమాటా రైస్‌కి అక్కలా ఉంటుంది, ఆ అమ్మాయికి కారం అలవాటే, నీకు ముందు దగ్గరయ్యేది తనే అని నా లెక్క. ఫ్రిజ్‌లో ఎవరి అర ఏది, బాత్రూమ్ ఎవరు ఎప్పుడు కడగాలి అన్నది ఒక కాగితం రాసి అతికించండి. మనం మనసులో పెట్టుకొని ముభావంగా ఉంటే వాళ్ళే అర్థం చేసుకుంటారు అనుకుంటాం, వాళ్ళకి అది తెలీదు, నోటితో చెప్తే మాత్రం తప్పుగా తీసుకోరు. 2021 జనాభా లెక్కల్లో లండన్‌లో పదిమందిలో నలుగురు వేరే దేశంలో పుట్టినవాళ్ళే, నీ ఇంట్లో నలుగురూ అంతే, ఆ చైనా అమ్మాయి కూడా గదిలో తలుపేసుకొని వాళ్ళమ్మకి ఫోన్ చేస్తూనే ఉంటుంది.

చీకటి సంగతి నిజమే, డిసెంబర్‌లో నాలుగు కాకముందే సూర్యుడు వెళ్ళిపోతాడు, ఒంటికీ మనసుకీ రెండిటికీ పడుతుంది. క్లాసు లేని రోజు కూడా మధ్యాహ్నం ఒంటిగంటకి బయటికెళ్ళి అరగంట నడువు. చలికాలంలో రోజూ 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోమని ఇక్కడి ప్రభుత్వమే చెప్తుంది, మందుల కొట్లో చవకే. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గర రిజిస్టర్ అయ్యావా? అవ్వకపోతే రేపే అవ్వు, వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌చార్జ్ కట్టాం కదా, అది దీనికే, అడ్రస్ ప్రూఫ్ లేదని పంపెయ్యటానికి కూడా లేదు. ఈ ఏడుపు రెండు వారాలు దాటి ఉంటే, తిండి నిద్ర రెండూ పోతే, ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వాళ్ళ టాకింగ్ థెరపీస్‌కి, అంటే మాట్లాడి మనసు తేలికపరిచే చికిత్సకి, నువ్వే నేరుగా రాసుకోవచ్చు, ఉచితం, అదేమీ పిచ్చి కాదు, జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికెళ్ళినట్టే. యూనివర్సిటీలో కౌన్సిలర్ కూడా ఉంటారు.

ఈస్ట్ హామ్‌కి ఇల్లు మారక్కర్లేదు, ఆదివారం ఆదివారం వెళ్ళు. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి బస్సులో వెళ్ళొచ్చు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే టికెట్టు. మేనర్ పార్క్‌లో మురుగన్ గుడి ఉంది, దణ్ణం పెట్టుకొని, దోశ తిని, కరివేపాకు కొనుక్కొని ఇంటికి రా. ట్రైన్లు ఎక్కువ వాడుతుంటే స్టూడెంట్ ఆయిస్టర్ కార్డు తీసుకో, వారం, నెల పాసుల మీద 30 శాతం తగ్గుతుంది.

ఇంకొక చోటు చెప్తా. బ్రిటిష్ మ్యూజియం, టికెట్ లేదు. అందులో 33ఏ గది అమరావతి గది. మీ ఊరికి దగ్గర్లోని అమరావతి స్తూపం రాళ్ళు, 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవి, 1859లో ఓడలో లండన్ తెచ్చారు. పల్నాటి రాయి, తామరపూలు, ఏనుగులు, గుర్రాలు, బుద్ధుడి పాదాలు, గాజు గోడ వెనక వరసగా నిలబెట్టి ఉంటాయి. నేను మొదటిసారి వెళ్ళిన రోజు అక్కడ చాలాసేపు నిలబడిపోయాను, ఆ రాయి రంగు నాకు చిన్నప్పటినుంచి తెలుసు. అవి ఇక్కడ ఉండటం న్యాయమా అంటే నాకు కాదనే అనిపిస్తుంది, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది, వెళ్ళేముందు వెబ్‌సైట్‌లో చూసుకో. శుక్రవారాలు మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, క్లాసు అయ్యాక వెళ్ళొచ్చు. ఆ ముగ్గురినీ కూడా అడుగు, మా ఊరి రాళ్ళు చూపిస్తా రండి అని.